ఆళ్లగడ్డలో అక్క తిన్న ముద్ద

మా అక్క సుభద్ర భోజనానికి వస్తోందంటే ఏ ఇంటి ఇల్లాలికైనా గుండె దడే. పప్పులో ఇంగువ ఎక్కువైందనో, వంకాయ ముదిరిందనో, పులుసు ఇంకో పొంగు రావాలనో ఏదో ఒకటి అనకుండా విస్తరి ముందు నుంచి లేచేది కాదు. పెళ్లిళ్లలో వంటవాళ్లు ఆవిడ కూర్చున్న పంక్తి వైపు రావడానికే జంకేవారు. మా బావ మాత్రం నవ్వేవాడు. "మీ అక్క వంక పెట్టిందంటే కడుపునిండా తిన్నదని అర్థం. ఊరుకుందంటేనే మనం భయపడాలి" అనేవాడు.

బావ పోయాక అక్క ఊరుకుంది.

ఎవరు ఏం పెట్టినా "బాగుంది" అంటుంది. రెండు ముద్దలు కెలికి పళ్లెం పక్కకు జరుపుతుంది. ఆరు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి రోగం ఏమీ లేదన్నాడు. ఇలాగే ఉంటే మాత్రం ఆసుపత్రిలో పడుకోబెట్టి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని నన్ను బయటికి పిలిచి చెప్పాడు. ఆ రోజు నాకు అక్క మీద కోపం కూడా వచ్చింది. పోస్టాఫీసు కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చున్న దాన్ని, ఓపిక నాకు మొదటినుంచీ తక్కువే.

బావ లెక్కల మాస్టారుగా పనిచేసిన బడిలో ఆయన పేరుతో ఒక రాతి బెంచీ వేయించాలని పాత విద్యార్థులు అనుకున్నారు. రాతి పని అంటే ఆళ్లగడ్డే అన్నారు. రాయి నువ్వే చూసి చెప్పాలని అక్కని తెనాలి నుంచి బయల్దేరదీశాను. బెంచీ సంగతి ఎలా ఉన్నా, తెలియని ఊరి వంటకైనా ఆవిడ ఒక్క వంక పెడితే వినాలన్నది నా ఆశ.

నంద్యాలలో ఉగ్గాని

నల్లమల సొరంగాలు దాటి రైలు నంద్యాలలో దించేసరికి బాగా తెల్లవారింది. ఊళ్లోకి వచ్చే దారిలో రేకుల కప్పు కింద మూడు బల్లలున్న హోటలు కనిపించింది. బాణలి ముందు ఎత్తుపీట మీద ఒక నడివయసు మనిషి కూర్చుని మిరపకాయ బజ్జీలు వేస్తోంది. పేరు నాగమ్మ. వంట, వడ్డన, డబ్బులు తీసుకోవడం అన్నీ ఆవిడే.

ఆ పూట తినవలసింది ఉగ్గాని. మేం మరమరాలు అనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. మా వైపు మరమరాలు పిల్లలకి సాయంత్రం పూట చిరుతిండి. ఇక్కడ పొలం వెళ్లే మనిషి పొద్దుటి తిండి అదే. పక్కన బజ్జీ లేకపోతే దాన్ని ఉగ్గాని అనరు. బజ్జీతో కలిపి ముప్పై అయిదు రూపాయలు. నా ప్లేటు నేను ఊడ్చేశాను. ఇంకో బజ్జీ కూడా అడిగాను.

అక్క నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని ప్లేటు జరిపింది. నాగమ్మ అక్కడి నుంచే చూసింది. బాణలి కింద మంట తగ్గించి లేచి వచ్చింది.

"ఏందమ్మా, అట్లే ఇడిస్తివి? ఏం లోపముండాది చెప్పు."

"ఏం లేదమ్మా. బాగుంది," అంది అక్క.

"బాగుంటే ఇడిసిపెడతారా యాడన్నా? ఉప్పు తక్కువైందా? కారమెక్కువైందా? చెప్తే నేనేమన్నా కొడతానా?"

అక్క తల వంచుకుంది. నేను నాగమ్మను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు, బుగ్గలు నొక్కుకోలేదు. కాసేపు అక్క వైపు చూసి, "యాడికి పోతాండారు?" అని అడిగింది. ఆళ్లగడ్డకు అన్నాను.

"అయితే ఆడ బస్టాండు ఎనక సందులో దస్తగిరన్న హోటలుండాది. ఖుస్కా, దాల్చా చేస్తాడు. ముందు ఈడనే నా పక్కన బండి పెట్టుకోనుండె. పెండ్లాం ఊరని ఆడికి పాయె. ఎదురుగ్గా మనిషి తినకుంటే లేవనీడు ఆయప్ప. నంద్యాల నాగమ్మ పంపిందని చెప్పండి."

నేను అప్పుడే ఆ దస్తగిరి మీద ఆశలన్నీ పెట్టేసుకున్నాను.

జొన్నరొట్టె, వెల్లుల్లికారం

ఆ రాత్రికి నంద్యాలలోనే ఉన్నాం. సాయంత్రం ఒక రొట్టెల అంగడికి తీసుకెళ్లాను. ఒకావిడ తడి చేత్తో జొన్నపిండి ముద్దను పీట మీద చప్పుడు చేస్తూ తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు పూస్తోంది. రొట్టె పొంగి దిగేసరికి పక్కన వంకాయ కూర, వెల్లుల్లికారం పెడుతున్నారు. మాకు జొన్నరొట్టె అంటే చక్కెర జబ్బు వచ్చాక డాక్టరు రాసిచ్చే మందు. ఇక్కడ అందరూ ఇష్టంగా, వేడివేడిగా, మాట్లాడుకుంటూ తింటున్నారు.

నేను తొందరపడి రొట్టె ముక్కకి కారం దండిగా అద్దుకున్నాను. పొలమారి, ముక్కు, కళ్లు ఏకమయ్యాయి. ఎదురు బల్ల మీద విత్తనాల కోసం మిడుతూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు. మాది తెనాలి అని అంతకుముందే అడిగి తెలుసుకున్నాడు.

"గుంటూరు పక్కోళ్లంటే కారానికి పెట్టింది పేరనుకుంటిమి. ఇదేందమ్మా, ఒక్క అద్దుడికే ఇట్లయిపోతిరి?" అని పెద్దగా నవ్వాడు. అంగడంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అక్క నవ్వలేదు. మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది, అంతే. పూర్వమైతే, "ఆబగా తింటే అంతేనే చిట్టీ, కారం చూసి అద్దుకోవాలి, అయినా వెల్లుల్లి మాడ్చేశారు" అని రెండు చీవాట్లు నాకూ, ఒకటి అంగడికీ పడేవి. ఆ చీవాట్ల కోసం చూసి చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కారం ఇంకా తగ్గలేదని ఆ రైతు తన దగ్గరున్న బెల్లం ముక్క ఇచ్చాడు. తీసుకుని చప్పరించాను.

ఆళ్లగడ్డ, రాతి పొడి

మర్నాడు బస్సులో వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి. శిరివెళ్ల దాటాక అక్క కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆళ్లగడ్డలో దిగి శిల్పుల షెడ్లు ఉన్న వైపు నడిచాం. దేవుళ్లు, నందులు, నాయకులు, ఎవరింటి పెద్దవాళ్లో తెలియని ముసలి దంపతులు, అందరూ సగం సగం చెక్కి రోడ్డు పక్కన నిలబెట్టి ఉన్నారు. ఉలి చప్పుడు ఆగదు. పక్కనున్న టీ కొట్టులో బల్ల మీద, గ్లాసు అంచు మీద కూడా తెల్లటి పొడే. అక్కడివాళ్లు గ్లాసు అందుకోగానే అంచును బొటనవేలితో ఒకసారి తుడిచి తాగుతున్నారు. అది చూసి నేనూ తుడుచుకున్నాను.

అక్క ఒక నల్లరాయి మీద చెయ్యి వేసి, "ఇది బాగుంది," అంది. పేరు కింద ఏమన్నా రాయాలా అని శిల్పి అడిగాడు. పేరు చాలంది. చెక్కి పంపడానికి నెల పడుతుందని చెప్పాడు. పని అంత తొందరగా అయిపోతుందని నేననుకోలేదు. ఇక మిగిలింది దస్తగిరి హోటలే.

దస్తగిరి హోటల్

బస్టాండు వెనక సందులోకి తిరగ్గానే మసాలా వాసన మమ్మల్ని పట్టి లాక్కెళ్లింది. సందుకి అడ్డంగా షామియానా వేశారు. ఒక పక్క బల్లల మీద మగవాళ్లు తింటున్నారు. ఇంకో పక్క పరదా కట్టి, వెనక చాపలు పరిచి, ఆడవాళ్లని కూర్చోబెట్టారు. ఇంత చిన్న సందులో ఇంత గిరాకీ ఉందంటే నాగమ్మ మాటలో అబద్ధం లేదనుకున్నాను.

ముప్పై ఏళ్ల అబ్బాయి ఒకడు అన్నం బేసిన్ మోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఖాజా అని ఎవరో పిలుస్తున్నారు.

"దస్తగిరి గారి హోటల్ ఇదేనా బాబూ?" అన్నాను.

"ఇదేనమ్మా. రాండి, కూర్చోండి."

"మమ్మల్ని నంద్యాల నుంచి..."

"యాడ నుంచైనా కానీండమ్మా, మొదట తినండి," అని పరదా వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయాడు.

చాప మీద ఇద్దరు ఆడవాళ్లున్న చోట మాకు జాగా ఇచ్చారు. అందులో ఒకావిడ బాగా పెద్దది, నోట్లో పళ్లు సగమే ఉన్నాయి. మా నలుగురి మధ్యలో ఒక పెద్ద పళ్లెం పెట్టి, అందులో ఖుస్కా గుట్టగా పోసి, పైన దాల్చా పోశారు. ఖుస్కా అంటే మాంసం లేకుండా మసాలాతో వండిన అన్నం. దాల్చా అంటే పప్పు, సొరకాయ, మాంసం కలిపి కాచిన పులుసు. నాలుగు విడి పళ్లేలు రావాలి కదా అని చూశాను. రాలేదు. ఆళ్లగడ్డ హోటళ్లలో ఆడవాళ్లు ఒకే పళ్లెంలో తింటారు కాబోలు, ఊరికి తిరిగి వెళ్లాక ఇది తప్పకుండా రాయాలి అనుకున్నాను. అంత తెలివి నాది.

అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్దావిడ చెయ్యి పళ్లెం దాకా వచ్చి ఆగింది. రెండో ఆవిడ చెయ్యీ ఆగింది. నాదీ ఆగక తప్పలేదు.

"చెయ్యి పెట్టమ్మా," అంది పెద్దావిడ.

"మీరు కానివ్వండి. నాకు ఆకలిగా లేదు."

"పళ్లెం ఒకటే కదా. నువ్వు చెయ్యి ముడుచుకోని కూచుంటే మేమెట్ల తినేది?"

ఆవిడ కోప్పడలేదు, బతిమాలలేదు. చెయ్యి అలాగే పట్టుకుని చూస్తూ కూర్చుంది. వేడన్నం పొగలు మా మూడు చేతుల మధ్య నుంచి లేస్తున్నాయి. అక్క మా చేతుల వంక చూసింది. తన కుడిచెయ్యి తీసి పళ్లెం అంచున పెట్టింది. అప్పుడు అందరం మొదలుపెట్టాం.

విడి పళ్లెంలో ఎంత కెలికినా పక్కవాళ్లకి తెలియదు. ఒకే పళ్లెంలో అలా కుదరదు. ఎవరు తిన్నచోట వాళ్లకి గుంట పడుతుంది. మా ముగ్గురి ముందూ గుంటలు పడ్డాయి. అక్క ముందు మాత్రం గుట్ట అలాగే ఉంది. అది అక్కకీ కనిపించింది. ఇంకో ముద్ద తీసుకుంది. మరొకటి తీసుకుంది. ఆవిడ ముందు గుంట పడగానే పెద్దావిడ తన వైపు అన్నం, ఒక మాంసం ముక్కతో సహా, అటు తోసింది. అక్క కాదనలేదు. నేను పరదా మీది పువ్వులు చూస్తున్నట్టు నటించాను. నేను చూస్తున్నానని తెలిస్తే మానేస్తుందేమోనని భయం. చివరికి పళ్లెం అడుగు కనిపించింది.

చేతులు కడుక్కుని ఖాజాని పిలిచాను. "ఎంతయింది బాబూ?"

అతను అర్థం కానట్టు చూశాడు.

"దుడ్లా? ఈ పొద్దు హోటలు లేదమ్మా. మా బావ పోయి నలభయ్యో దినం. ఆయన పేరు మీద పెడతాండాము."

"బావంటే..."

"దస్తగిరి. మా అక్క మొగుడు. మీకు తెలీకుండానే వచ్చింటిరా?"

నేను బావ అనే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పక్కనే ఉన్న అక్క మొహం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. మా బావ పెద్ద కర్మ రోజు ఊరంతా తిన్నది, అక్క మాత్రం ఆ అన్నం ముట్టలేదు. ఆయన లేడని పెట్టే అన్నం నా నోటికి ఎలా వస్తుందే అని ఏడ్చింది. ఇప్పుడు తెలియక ఒక పరాయి మనిషి పేరున పెట్టిన అన్నం కడుపునిండా తిన్నది. ఇంకేం, ఆ రెండు ముద్దలు కూడా మానేస్తుంది అనుకున్నాను.

అక్క కొంగుతో చేతి తడి తుడుచుకుంది. తర్వాత ఖాజాని అడిగింది. "మీ అక్క ఎక్కడుంది నాయనా?"

గడప లోపల

హోటలు వెనకే వాళ్ల ఇల్లు. భర్త పోయిన ఆడమనిషి వాళ్లలో నాలుగు నెలల పైచిలుకు ఇద్దత్ పాటిస్తుంది. గడప దాటదు, పరాయి మగవాళ్ల కంట పడదు. ఆడవాళ్లం కనుక మమ్మల్ని లోపలికి పంపారు. దస్తగిరి భార్య మాబున్నీ నలభై దాటిన మనిషి. పెరట్లో పొయ్యి దగ్గరే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ రోజు వంటంతా లోపలి నుంచి ఆవిడే చేసింది. బయట వడ్డించడం తమ్ముడి పని. నాగమ్మ పంపిందని చెబితే, "పాపం, నాగమ్మకు చెప్పనే లేదు," అని నుదురు కొట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అక్కనే చూసి అడిగింది.

"అక్కా, మా ఆయన చేతి కూడు నువ్వెప్పుడన్నా తిన్నింటివా?"

"లేదమ్మా. ఈ ఊరు రావడమే ఇది మొదటిసారి."

"అట్లయితే నువ్వు నిజం చెప్తావ్. బయట తిన్నోళ్లంతా దస్తగిరి చేసినట్లే ఉండాదని చెప్తాండారు. నాకు తెలీదా? ఇన్నేండ్లు ఆ చేత్తో వండింది తింటి. ఇద్దత్ అయినంక పొయ్యి నేనే ముట్టియ్యాల. ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటాండారు. నా మొగం చూసి బాగుందనేటోళ్లు రేపు దుడ్లు పెట్టి తినేకి రారు. నువ్వు చెప్పక్కా. నా వంట ఎట్లుండాది?"

మా వైపు చావింట్లో భోజనం బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. తిని లేస్తారు. అక్క ఆ పద్ధతి తప్పే మనిషి కాదు. అందుకని మళ్లీ ఆ "బాగుంది" వినడానికి సిద్ధపడ్డాను.

"పులుపు ఎక్కువైందమ్మా," అంది అక్క.

మాబున్నీ కళ్లు తుడుచుకోవడం ఆపింది.

"చింతపండు పులుసు ముందే పోసేశావు. పప్పు మెత్తగా ఉడక్కముందే పులుపు తగిలితే ఇంక మెదగదు. సొరకాయ ముక్క లోపల బిరుసుగా ఉంది. అన్నానికి మాత్రం నేను వంక పెట్టలేను. మెతుకు మెతుకూ విడిగా ఉంది. అది నీ చెయ్యేనా?"

"నా చెయ్యేనక్కా," అని మాబున్నీ ఏడుస్తూ నవ్వింది. "ఆయనా అదే అంటుండె. పులుసు ఎనక పొయ్యాల, ఎనక పొయ్యాలని. నేను బేగా అయిపోవాలని ముందే పోసేస్తా."

"ఈసారి ఆగు. ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు," అంది అక్క. అనేసి, ఆ మాటకి తనే ఉలిక్కిపడింది. మాబున్నీ మాత్రం అక్క చెయ్యి పట్టుకుంది. అక్క తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మా ఆయనకి పొయ్యి వెలిగించడం కూడా రాదు. నేను పెట్టే వంకలన్నీ కూర్చుని వినేవాడు. వినే మనిషి పోయాక ఎవరికి చెప్పనమ్మా? అందుకే నోరు మూసుకున్నాను," అంది. ఆరు నెలల్లో అక్క నోట ఇంత మాట నేను వినలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చేశాను.

బయల్దేరేటప్పుడు నేను మాటా పలుకూ లేకుండా లేచాను. చావింటి నుంచి చెప్పి వెళ్లకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అక్క గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వెళ్లొస్తానమ్మా. నువ్వు హోటల్ పొయ్యి వెలిగించిన రోజు వస్తాను. దాల్చా చూసి చెబుతాను."

"రాక్కా. నీ కోసం చూస్తాంటా," అంది మాబున్నీ.

సందు దాటాక అడిగాను, అలా చెప్పకూడదు కదా అని. అక్క నడుస్తూనే చెప్పింది. "ఆయన పోయినప్పుడు ఇల్లంతా జనమే చిట్టీ. అందరూ పద్ధతిగా చెప్పకుండానే వెళ్లారు. ఒకసారి తలెత్తి చూస్తే ఎవరూ లేరు. ఆవిడకి అలా అవకూడదనిపించింది."

మళ్లీ నాగమ్మ దగ్గర

మర్నాడు తెనాలి బండి ఎక్కే ముందు నంద్యాలలో నాగమ్మ హోటల్‌కి వెళ్దామని అక్కే అంది. దస్తగిరి పోయిన సంగతి కూడా అక్కే చెప్పింది. నాగమ్మ చేతిలో జల్లిగరిటె పక్కన పెట్టి పీట మీద కూలబడింది.

"నాకొక మాట చెప్పకపోయిరే," అంది. "అప్పుడు నాదీ బండే. ఎండలో నిలబడలేక పోతాంటే దాని మీద గుడ్డ కప్పి నీడ చేసినోడు." కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. మాబున్నీ హోటల్ నడుపుతుందని, ఇద్దత్ అయ్యాక పొయ్యి వెలిగిస్తుందని అక్క చెబితే, "ఆ దినం నా బాణలి బోర్లించి నేనూ పోతా," అంది. తర్వాత లేచి, ఏమీ అడక్కుండానే రెండు ప్లేట్లు తెచ్చి మా ముందు పెట్టింది. వెళ్లి మళ్లీ బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. కానీ ఆవిడ కళ్లు మా బల్ల మీదే ఉన్నాయి.

అక్క నెమ్మదిగా తింది. బజ్జీని విరిచి, లోపల చూసి, వాసన చూసి తింది. చివరి బొరుగు కూడా వేలితో తీసుకుంది. ఖాళీ ప్లేటు తనే తీసుకెళ్లి నాగమ్మ పక్కన పెట్టింది.

"బొరుగులు ఎక్కువసేపు నానబెట్టావమ్మా. ముంచిన వెంటనే పిండెయ్యాలి. మెత్తబడిపోయాయి. పుట్నాల పొడి కూడా పిసినారిగా చల్లావు. బజ్జీ బాగుంది."

నాగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్కని పైనుంచి కిందకి చూసింది.

"మొన్న అన్నిసార్లు అడిగితే నోరు ఇప్పకపోతివే?"

"మొన్న తినలేదు కదమ్మా," అంది అక్క.